కొహిమా టెన్నిస్ కోర్టు దగ్గర

దిమాపూర్‌లో షేర్ సుమో ఎక్కి నాగాలాండ్ రాజధాని కొహిమా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల వార్ సిమెట్రీ ఊరి నడిబొడ్డున, గారిసన్ హిల్ మీదే ఉంది. కింద రోడ్డు మీద హారన్ల గోల. పైన మెట్లు మెట్లుగా పచ్చిక, 1,420 సమాధులు.

పేర్ల కన్నా వయసులే చదువుకుంటూ పోయాను. ఇరవై, ఇరవై ఒకటి, పందొమ్మిది. కొన్ని కంచు ఫలకాల మీద ఇంటివాళ్లు రాయించిన ఒకటి రెండు మాటలు కూడా ఉన్నాయి.

పై మెట్టులో తెల్లని గీతలతో టెన్నిస్ కోర్టు గుర్తులుంచారు. అప్పటి డిప్యూటీ కమిషనర్ బంగళాది. 1944 ఏప్రిల్‌లో దీనికి ఒక పక్క బ్రిటిష్ ఇండియా సైన్యం, మరో పక్క జపాన్ సైన్యం కందకాలు తవ్వుకుని గ్రెనేడ్లు విసురుకున్నాయి. ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి చూశాను. అవతలివాడు దగ్గితే వినపడేంత దూరం! ఆ జపాన్ కుర్రాళ్లు మూడు వారాల తిండితో కొండలు దాటొచ్చారు. సరఫరా అందలేదు. వాళ్ల జనరల్ సాటో పైవాళ్ల ఆజ్ఞను కాదని సైన్యాన్ని వెనక్కి మళ్లించాడు. అప్పటికే ఆలస్యమైంది, దారి పొడవునా ఆకలికి, రోగాలకు వేలమంది రాలిపోయారు.

నన్ను ఎక్కువ కలచివేసింది మాత్రం దహన స్మారకం. 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లున్నాయి దాని మీద. వీళ్లు తెల్లవాళ్ల జెండా కింద పోరాడారు. అదే ఏప్రిల్‌లో గాంధీజీ పుణేలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో తెల్లవాళ్ల ఖైదీ. జపాన్ సేనతో కలిసి ఈ సరిహద్దు కొండల మీదికి వచ్చిన సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో ఉన్నదెవరు? చాలామంది 1942లో సింగపూర్‌లో పట్టుబడిన మన సిపాయిలే. ఒకే బ్యారక్‌లో పడుకుని, ఒకే వంటశాలలో తిన్నవాళ్లు రెండు వైపులా తుపాకులు పట్టారు. అప్పట్లో ఫౌజ్‌వాడిది రాజద్రోహం, సర్కారు సిపాయిది వీరత్వం. స్వాతంత్ర్యం వచ్చాక ఫౌజ్‌వాడు దేశభక్తుడయ్యాడు, ఈ 917 మంది ఊసే మనం ఎత్తలేదు. ఏ తల్లి కన్న బిడ్డలో, వీళ్ల పట్ల అది అన్యాయం అనిపిస్తుంది నాకు.

‘మీ రేపటి కోసం మా ఈ రోజును ఇచ్చాం’ అనే మాట చెక్కిన రాయి దగ్గర అందరూ ఫోటోలు దిగుతున్నారు. నేనూ నిలబడ్డాను. ఎవరి రేపటి కోసమని ఆ కుర్రాళ్లకు చెప్పి పంపారో అన్న ఆలోచనే తెగలేదు.

కొహిమా వెళ్తే మణిపూర్‌లోని మొయిరాంగ్ కూడా ప్లాన్‌లో పెట్టుకోండి. 1944 ఏప్రిల్ 14న ఫౌజ్ జెండా ఎగరేసింది అక్కడే, స్మారకం ఉంది. రెండూ ఒకే ప్రయాణంలో చూడండి.