ఈ ఏడు మాకు బోనం లేదు
అమ్మ పోయి ఏడాది తిరగలేదు, ఏటిసూతకం, అందుకే ఈ ఆషాఢం మాకు బోనం లేదు. లష్కర్ బోనాల రోజు అక్క, నేను, తమ్ముడు సికింద్రాబాద్ ఇంట్లోనే ఉన్నాం, ఉజ్జయిని మహంకాళి గుడి వైపు నుంచి డప్పులు వినపడుతూనే ఉన్నాయి. మోండా మార్కెట్లో కుండ కొనాలంటే అమ్మ వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, నచ్చకపోతే ఇంకోటి తీయమనేది, అమ్మేవాళ్లు ఎంత విసుక్కున్నా సరే. ఇంటికొచ్చాక పసుపు, కుంకుమ, వేపమండలు. 1813లో కలరా వచ్చినప్పుడు మొక్కుకున్నారన్న కథ ప్రతి ఏడూ మాకు చెప్పాల్సిందే. తమ్ముడు దాన్ని అచ్చం అమ్మలాగే మొదలుపెట్టాడు, నవ్వు ఆగలేదు, మధ్యలో అక్క లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. బీరువా ఇంకా తెరవలేదు. చీరలు ఎవరికేవి అని మేనత్త ఒకటే అడగడం (ఏం తొందరో!). వచ్చే ఏడు బోనం మాత్రం అక్కే ఎత్తుతుందట.