ముసురు పట్టిన రెండో శనివారం

2022 డిసెంబరు 8, గురువారం సాయంత్రం కడప నుంచి మా ఊరికి బయలుదేరినప్పుడు కారులో ఏసీ వేసుకోక తప్పలేదు. శుక్రవారం ఒక్క రోజు సెలవు పెట్టుకుంటే రెండో శనివారం, ఆదివారం కలిసివచ్చి మూడు రోజులవుతాయని, జమ్మలమడుగుకు దగ్గరలోనే ఉన్న మా ఊళ్లో జేజి (నాయనమ్మ) దగ్గర ఉండి పిల్లలకు గండికోటను తీరిగ్గా చూపించవచ్చని నెల ముందే అనుకున్నాం. కడపలో డిసెంబరు పగళ్లు సాధారణంగా 30 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయి కాబట్టి ఇది చలికాలపు ప్రయాణమన్న తలంపే మాకు రాలేదు. సంచుల్లో సర్దుకున్నవన్నీ పలచని నూలు బట్టలు. పిల్లల టోపీలు కూడా కోటలో ఎండ తగలకుండా ఉండడానికి తెచ్చినవే. ఎర్రగుంట్ల దాటాక టీ కోసం ఆగినప్పుడు, రోడ్డు పక్కన పేర్చిన నాపబండల మీద మా అమ్మాయి కూర్చోబోయి, ఇంకా వేడిగా ఉన్నాయంటూ లేచింది.

తుపాను వార్త మాకు తెలియనిది కాదు. బంగాళాఖాతంలోని ఆ తుపానుకు మాండౌస్ అని పేరు పెట్టారని, ఆ పేరును ఐక్య అరబ్ ఎమిరేట్స్ ఇచ్చిందని టీవీలో చెబుతూనే ఉన్నారు. అది తమిళనాడు తీరం వైపు పోతోందని, వాన ఎక్కువగా తిరుపతి, చిత్తూరు వైపే ఉంటుందని విని, మన వైపు నాలుగు చినుకులు పడితే పడనీ అనుకున్నాం. వాన గురించి చెప్పారు, ఈదురుగాలుల గురించి చెప్పారు. చలి గురించి ఎవరైనా చెప్పినట్టు నాకు గుర్తు లేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఎండ పలచబడింది. ఎనభై ఏళ్లు దాటిన జేజి అరుగు మీద కూర్చొని కొంగు ఎటు ఎగురుతున్నదో కాసేపు చూసి, "గాలి ఈశాన్యం నుంచి తగుల్తాంది నాయనా, ముసురు పట్టేట్టుంది. మిద్దె ఎక్కి గవాక్షి మీద బండ కప్పిరా" అన్నది. ఆమెకు టీవీ వార్తలు చూసే అలవాటు లేదు. వెలుతురు కోసం మిద్దెకు వదిలిన ఆ కంతకు నేను బండ కప్పి దిగేసరికి మొదటి తుంపర మొదలైంది. ఆ రాత్రే, తెల్లవారితే శనివారమనగా, తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. మేము మాత్రం మూడు వందల కిలోమీటర్ల ఇవతల, తుపాను మనది కాదన్న నిబ్బరంతో, పలచటి దుప్పట్లు కప్పుకొని పడుకున్నాం.

శనివారం తెల్లవారిందని గడియారం చూసి తెలుసుకోవలసి వచ్చింది. మంచం దిగి నేల మీద కాలు పెడితే అరికాలి నుంచి మోకాలి దాకా జిల్లుమన్నది. మా ఇంట్లో నేలంతా కడప బండలే. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం చాప కూడా లేకుండా ఆ బండల మీద వెల్లకిలా పడుకొని బతికిన వాళ్లం మేము. వేసవిలో అమ్మ ఒడిలా ఉండే ఆ నేల ఆ రోజు అడుగు మోపనివ్వలేదు. మా పాత ఇల్లు మొత్తం అలాంటిదే. రెండడుగుల మందాన రాతి గోడలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద బండలు, ఆపైన మట్టి, అన్నిటికంటే పైన వాననీటిని లోపలికి దిగనివ్వని సవుడు మట్టి. ఎండను బయటే నిలబెట్టడానికి మా పెద్దలు కట్టిన ఇల్లు అది. బయటి వెచ్చదనమే పోయినప్పుడు లోపల దాచుకోవడానికి ఆ ఇంట్లో ఏమీ ఉండదు.

మామూలు చలికాలంలో మా వైపు చలి తెల్లవారుజామున ఉంటుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో నేల తన వేడిని పైకి వదిలేస్తుంది కాబట్టి కోడి కూసే వేళకు వణుకు పుడుతుంది. తొమ్మిది గంటలకల్లా ఎండ ఎక్కి ఆ వణుకును మరిపిస్తుంది. ముసురు చలి తీరు వేరు. మబ్బు కప్పి ఉండడం వల్ల రాత్రి వేడి మరీ పడిపోదు, పగలు మాత్రం పైకి లేవనే లేవదు. కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చూసేవారికి అందులో భయపడవలసినదేమీ కనిపించదు గాని, గరిష్ఠం వచ్చి దాని పక్కనే కూర్చుంటుంది. ఒళ్లు కాచుకునే వేళ అంటూ రోజులో ఒక్కటీ మిగలదు. దానికి తోడు గాలి. మన అర్ధగోళంలో తుపాను గడియారపు ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది కాబట్టి, అది మనకు ఆగ్నేయంగా ఉన్నంతసేపు మన మీదికి ఉత్తర, ఈశాన్య దిక్కుల నుంచి గాలి తోలుతుంది. జేజి కొంగును చూసి చెప్పింది ఆ గాలి సంగతే. సన్నటి తుంపరలో కొంత గాలిలోనే ఆవిరై ఆ గాలిని ఇంకా చల్లబరుస్తుంది, తడిసిన బట్ట మీదుగా వీచినప్పుడు అదే గాలి ఒంట్లోని వేడిని కూడా లాక్కుపోతుంది.

చలిని చూడడానికి లంబసింగికి పోయేవాళ్లు స్వెట్టర్లు వేసుకొని పోతారు. మా జేజికి స్వెట్టరు లేదు, ఆమె జీవితంలో ఎన్నడూ కొనలేదు, నేనూ కొనిపెట్టలేదు. ఆమెకు ఉన్నది పాత చీరలతో కుట్టిన బొంత ఒక్కటే, అది శనివారం మధ్యాహ్నానికే చెమ్మ పట్టి బరువెక్కింది. సాయంత్రం ఆమె చేతిని నా చేతుల్లోకి తీసుకుంటే వేళ్ల కొనలు బండలాగే ఉన్నాయి. "ఏం లేదులే" అంటూనే ఆమె మాట తడబడుతుంటే నాకు నిజంగా భయం వేసింది. పొయ్యి దగ్గర పీట వేసి కూర్చోబెట్టి, మా ఆవిడ మిరియాల చారు కాచి ఇచ్చాక, అరగంటకు గాని ఆమె మాట సరిగ్గా రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది అబ్బ (తాత) గొంగళి. అబ్బ పోయి పన్నెండేళ్లయింది. ఆయన గొంగళి కొయ్యపెట్టెలో అడుగున వేపాకు మధ్య మడతపెట్టి ఉంది. నల్లగొర్రె బొచ్చుతో కురుబలు నేసింది, రెండు పన్నాలు కలిపి కుట్టింది. చింతగింజల గంజి పెట్టి నేసినందువల్ల కొత్తలో అట్టలా నిలబడేదట. నాకు తెలిసేనాటికే మెత్తబడింది. పెట్టెలోంచి తీయగానే పొగాకు, గొర్రెల కొట్టం, పాత వేప కలిసిన వాసన వచ్చింది. వాకిట్లో నిలబడి దులుపుతుంటే తుంపర పడి, ఆ బొచ్చు కొనల మీద చినుకులు ఆవగింజల్లా నిలబడ్డాయి గాని లోపలికి ఇంకలేదు; విదిలిస్తే రాలిపోయాయి. జేజి దాన్ని కప్పుకొని, ఒక మూలను తల మీదికి లాక్కొని, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు కూర్చున్నది. ఆ రాత్రి ఆమెకు కంటినిండా నిద్ర పట్టింది.

మాకు పట్టలేదు. రాత్రి ఒంటిగంటకు మిద్దె కారడం మొదలైంది. పెద్ద వాన వస్తే మట్టిమిద్దె మీద నీళ్లు చూరుగొట్టాల గుండా దిగిపోతాయి, సన్నటి ముసురు మాత్రం ఆగకుండా నాని, ఎక్కడ సవుడు పలచబడిందో వెతుక్కొని మరీ దిగుతుంది. మూడేళ్లుగా మిద్దెకు సవుడు తోలించలేదు. గిన్నెలు, బక్కెట్లు పెట్టుకుంటూ, పిల్లల పడకను గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుపుకుంటూ తెల్లవారించాం.

ఆదివారం కాస్త తెరిపి ఇవ్వగానే గండికోటకు పోయి వచ్చాం. దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పెన్న ఎర్రమల కొండలను కోసిన ఆ లోయ అంచున నిలబడితే తెల్లటి పొగమబ్బు తప్ప ఏమీ కనబడలేదు. లోయలోంచి ఎగదన్నే గాలికి పిల్లల పళ్లు టకటకలాడుతుంటే పది నిమిషాల్లో వెనక్కి తిరిగాం.

తిరిగి వస్తూ చేను దగ్గర ఆగాను. మా చేలో ఎరువు కోసం గొర్రెల మంద నిలిపి ఉన్నారు. శుక్రవారం నుంచి మందతో పాటు ఆరుబయటే ఉన్న పెద్దాయన, తన గొంగళిని తాను కప్పుకోకుండా ఒక గంప మీద కప్పి పక్కనే గొంతుక్కూర్చొని ఉన్నాడు. గంప ఎత్తి చూపించాడు. లోపల రాత్రే పుట్టిన పిల్లలు నాలుగు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒక్కొక్క దాని నోట్లోకి చూపుడువేలు పెట్టి చూస్తున్నాడు. నోరు వెచ్చగా ఉంటే తల్లి దగ్గరికి తోస్తున్నాడు, చల్లగా ఉంటే ఎండుగడ్డితో ఒళ్లంతా రుద్ది తన చొక్కాలో పెట్టుకుంటున్నాడు. అప్పటికే మూడు పోయాయి. "వానకు కాదప్పా, గాలికి పోయినాయి. తల్లి నాకి ఆరబెట్టేలోపలే మళ్లీ తడిసిపాయ" అన్నాడు. ఇంటికి తీసుకుపోదాం రమ్మంటే మందను విడిచి రానన్నాడు. వేడి సంగటి, నాలుగు ఎండు గోనె సంచులు, ఒక టార్పాలిన్ పట్ట తెచ్చి ఇవ్వగలిగాను, అంతే. పక్కనే నల్లరేగడిలో శనగ పూత మీద ఉంది. మబ్బు ఇలాగే ఉంటే పచ్చపురుగు దిగుతుందని ఆయనే అన్నాడు.

మా ఊళ్లో పిల్లలు బెంగళూరులోనో, హైదరాబాదులోనో ఉంటే ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. తుపాను హెచ్చరిక అంటే ఎన్ని సెంటీమీటర్ల వాన, ఎంత వేగంతో గాలి అన్న రెండు లెక్కలేనా? పగలు కూడా ఎండ రాదు, ముసలివాళ్లను, గొర్రెపిల్లలను కాచుకోండి అన్న ఒక్క మాటను రాయలసీమకు ఎందుకు చెప్పకూడదని నేను ఆ రోజు నుంచీ అడుగుతున్నాను. ఎండను గురించి మాకు ఎవరూ చెప్పనక్కరలేదు, పుట్టినప్పటి నుంచీ తెలుసు. మాకు తెలియనిది ఈ చలే.

ఆదివారం రాత్రి మేము కడపకు తిరిగి వచ్చేశాం. సంక్రాంతికి పోయినప్పుడు మిద్దెకు రెండు బండ్ల సవుడు తోలించి పరిపించాను. జేజికి స్వెట్టరు కొనుక్కొని పోయాను. ఆమె దాన్ని ఒకసారి తొడుక్కొని చూసి పెట్టెలో పెట్టేసింది. అబ్బ గొంగళి మాత్రం మళ్లీ పెట్టెలోకి పోలేదు, జేజి మంచంలో కాళ్ల వైపు మడతపెట్టి ఉంటున్నది.