కోడూరుకు మూడే

కడప, బుధవారం

పొద్దున అయిదున్నరకే నాయన లేచి మంచం పట్టెమీద వేలితో కొడుతున్నాడు. పక్కగదిలోంచి విన్నాను. నాలుగుసార్లు కొట్టి కాస్త ఆగి, మళ్లీ నాలుగు. నిన్న స్పీచ్ థెరపీ మేడమ్ చెప్పిన పని నేను లేవకముందే మొదలుపెట్టాడు.

ఎల్లుండి శుక్రవారానికి పక్షవాతం వచ్చి ఏడు వారాలు. కాలు చాలావరకు నిలదొక్కుకుంది. కుడిచేతికి పట్టు వస్తోంది. మాటే వెనకబడింది. మనం చెప్పేదంతా ఆయనకు అర్థమవుతుంది, తాను చెప్పాల్సిందీ తెలుసు. నాలుక, పెదవులు మాట వినక ముక్కలన్నీ కలిసి ముద్దయిపోతాయి. తొందరపడేకొద్దీ ఇంకా ముద్దవుతుంది. అందుకే మేడమ్ మాటను విడగొట్టి చెప్పమన్నారు. ఒక్కో ముక్కకు తొడమీద ఒక్కో తట్టు. తట్టు పడేదాకా తర్వాతి ముక్కకు పోకూడదు.

ఆ ముక్కలు లెక్కపెట్టడం నాకూ రాదని నిన్న ఆయన ముందు కూర్చున్నాకే తెలిసింది. నేను అక్షరాలు లెక్కపెట్టాను. తెలుగులో అది చాలావరకు సరిపోతుంది, ఒత్తు ఉన్నా అక్షరం ఒకటే కాబట్టి. 'అమ్మ' రెండు, 'ఒంటిమిట్ట' నాలుగు. 'స్టేషన్' దగ్గర తప్పాను. రాస్తే స్టే, ష, న్ అని మూడు కనబడతాయి కదా, మూడుసార్లు తట్టాను. మేడమ్ నా చేతిని నా గడ్డం కింద పెట్టించి మళ్లీ అనమన్నారు. దవడ రెండుసార్లే దిగింది. 'న్' లాంటి పొల్లు తనంతట తాను పలకదు, ముందున్న అక్షరాన్ని పట్టుకునే ఉంటుంది. అచ్చు ఉన్నచోటే నోరు తెరుచుకుంటుంది. అది తెరుచుకున్నన్ని సార్లే తట్టాలి. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లు మాట్లాడుతూ కూడా గమనించలేదు.

రాత్రి పిల్లోడు నిద్రపోయాక నా సాధన కోసం వేమన మకుటం తీసుకున్నాను. విశ్వదాభిరామ వినురవేమ. ఆటవెలదిలో నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే అని హైస్కూల్లో తెలుగు సారు బోర్డుమీద గురువులు, లఘువులు గుర్తుపెట్టి చూపించారు. తట్టి చూస్తే మొత్తం పదకొండు. విశ్వ, దాభి, రామ, వేమ రెండేసి. 'వినుర' ఒక్కటే మూడు. అయినా పద్యంలో 'వినుర'కు ఎంతసేపు పడుతుందో 'వేమ'కూ అంతే పడుతుంది. మాత్ర అంటే ఒక హ్రస్వం పలికేంత సేపు. 'వే' గురువు, రెండు మాత్రలు. వి, ను, ర ఒక్కో మాత్ర లఘువులు. అంటే ఎన్ని తట్లు అన్నది ఒక లెక్క, ఎంతసేపు నిలపాలి అన్నది ఇంకో లెక్క. నాయన దీర్ఘాలు మింగేస్తున్నాడు, 'రాజు' అంటే 'రజు' అని వినబడుతుంది. తట్టిన వెంటనే చెయ్యి ఎత్తకుండా దీర్ఘానికి చేతిని తొడమీదే ఉంచమని చెబితే సరిపోతుందేమోనని అప్పుడు తట్టింది.

ఈరోజు పదకొండు గంటలకు కాగితం తీసి కూర్చున్నాం. 'నేను వస్తున్నాను.' 'వాడు వచ్చాడు.' 'మందులు వేసుకున్నాను.' అందరికీ ఇచ్చే కాగితమే అది. నాయన మొదటి వాక్యం మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మధ్యలో తడబడ్డాడు. నాలుగోసారి కాగితాన్ని పక్కకు నెట్టేసి గోడవైపు తిరిగాడు. కళ్లు తడిగా ఉన్నాయి. నాకు చెయ్యీ కాలూ ఆడలేదు. కాసేపు వంటింట్లోకి పోయి నిలబడ్డాను.

అక్కడే గుర్తొచ్చింది, మా ఇంట్లో 'వస్తున్నాను' అని ఎప్పుడు ఎవరన్నారు? 'వస్తాండా' అంటాం. 'వచ్చాడు' కూడా అనం, 'వచ్చినాడు' అంటాం. వచ్చి పెన్నుతో కొట్టేసి మా మాటలు రాశాను. వస్తున్నాను అంటే నాలుగు తట్లు, వస్తాండా అంటే మూడు. వచ్చాడు అంటే మూడు, వచ్చినాడు అంటే నాలుగు. ఒకచోట తగ్గింది, ఒకచోట పెరిగింది. తగ్గింది సులువుగా వస్తుందని అనుకున్నాను. నాయన ముందు పలికింది 'వచ్చినాడు'. నెమ్మదిగా, నాలుగు తట్లకు నాలుగు ముక్కలూ విడివిడిగా, చివరి 'డు' దాకా. అరవై ఎనిమిదేళ్లుగా ఆ నోటికి అలవాటైన మాట అది. వచ్చే మంగళవారం మేడమ్‌కు ఈ కాగితం చూపించాలి. మన సీమ మాటలతోనే ఇంకో కాగితం రాసిమ్మని అడుగుతాను.

మధ్యాహ్నం చెప్పుకోవడానికి ఏమీ లేదు. అన్నం మెత్తగా కలిపి పెట్టాను, తిని పడుకున్నాడు.

నాలుగున్నరకు పిల్లోడు బడి నుంచి వచ్చాడు. పుస్తకాల సంచి మూలన పడేసి, "తాతా, తిరపతి బస్సు" అన్నాడు. నాయన ఆర్టీసీలో ఇరవై ఎనిమిదేళ్లు కండక్టరు, ఎక్కువ కాలం తిరుపతి రూటే. వీడికి నడక వచ్చిన కొత్తలో ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊళ్లపేర్లు వరసగా అరిచి వినిపించేవాడు. ఆ వరస నాకు గుర్తు రానే లేదు, వాడికి వచ్చింది.

వాడు స్టీలు గ్లాసు బోర్లించి స్పూనుతో కొట్టాడు. నాయన తొడమీద తట్టాడు. ఒం-టి-మిట్-ట. నం-ద-లూ-రు. రా-జం-పే-ట. పుల్-లం-పే-ట. నేను పక్కన కూర్చుని వేళ్లు ముడుస్తున్నాను. అన్నీ నాలుగే! అంత పొడవు రూటులో ఊరి తర్వాత ఊరు నాలుగేసి ముక్కలతో పేర్చినట్టుంది. 'రాజంపేట'లో 'రా'కు, 'పే'కు నాయన చేతిని తొడమీదే ఉంచాడు, రెండు దీర్ఘాలూ నిలబడ్డాయి. నేను అది ఇంకా చెప్పనే లేదు. బస్టాండులో జనం మధ్య అరిచేటప్పుడు దీర్ఘం మీదే కదా గొంతు సాగదీసేది, అది ఆయనకు నాకంటే ముందే తెలుసు.

తర్వాత పిల్లోడు "రైల్వేకోడూరు" అన్నాడు, బోర్డుమీద ఉన్నట్టు. అయిదు ముక్కలు, చివరిది తప్ప అన్నీ గురువులే. నాయన 'రైల్వే' దగ్గరే చిక్కుకున్నాడు. రెండుసార్లు చూశాడు. నేను వద్దులే అనబోయాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, పిల్లోడివైపు చూసి తట్టాడు. కో, డూ, రు. మూడే. కేకేసేటప్పుడు రైల్వే ఎవరంటారు, కోడూరు కోడూరు అనే కదా! పిల్లోడు "తాత తప్పు చెప్పినాడు" అన్నాడు. "లేదు నాయనా, తాత చెప్పిందే కరెక్టు" అన్నాను. నా గొంతు వణికింది.

రే-ణి-గుం-ట. చివరికి తి-రు-ప-తి, నాలుగూ లఘువులే, దాన్ని ఆయన ఆగకుండా గబగబా అనేశాడు. అలా అనకూడదని మేడమ్ చెప్పారు, అయినా స్పష్టంగానే వచ్చింది కాబట్టి నేనేమీ అనలేదు.

ఆట అయిపోయిందని పిల్లోడు గ్లాసు తీసుకుని లేచాడు. నాయన మంచం పట్టెమీద రెండుసార్లు కొట్టి "రైట్, రైట్" అన్నాడు. పిల్లోడు వెనక్కి తిరిగి, "నాలుగుసార్లు కొట్టాల తాతా, రై ఒకటి, ట్ ఒకటి" అన్నాడు. వాడి చేతిని తీసుకుని వాడి గడ్డం కింద పెట్టాను. "ఇప్పుడు అను" అన్నాను. అన్నాడు. ఒకసారే దిగింది. మళ్లీ అన్నాడు. తర్వాత ఇంట్లో ఉన్నవన్నీ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చెప్పుకుంటూ పోయాడు. ఫ్యాన్ ఒకటి, బకెట్ రెండు, చెంబు రెండు, అవ్వ రెండు.

ఇప్పుడు తొమ్మిదిన్నర. నాయన పడుకున్నాడు. పడుకునే ముందు నా నోటుబుక్కులో ఎడమచేత్తో వంకరటింకరగా బాణం గీసి చూపించాడు. రేపు తిరుగు ట్రిప్పు, తిరుపతి నుంచి కడపకు.