తలంబ్రాలకు చాలే బిట్‌రేటు

ఆదివారం.

మా మేనత్త పెళ్లి క్యాసెట్టును డీవీడీగా మార్చే పనిలోనే ఈ రోజంతా గడిచింది. మూడు గంటల వీహెచ్‌ఎస్ టేపును ఇదివరకే డీవీ (తక్కువగా కుదించే డిజిటల్ వీడియో పద్ధతి) రూపంలో కంప్యూటరులోకి ఎక్కించి ఉంచాను. గంటకు దాదాపు 13 జీబీ పట్టే ఆ ఫైలును ఇప్పుడు 4.7 జీబీ డిస్కులో, అత్తయ్య ఇంట్లోని పాత ప్లేయరు తడబడకుండా చదివేలా, డీవీడీలు వాడే కుదింపు పద్ధతి ఎంపెగ్-2లోకి మార్చాలి.

డిస్కులో పట్టే బిట్లను 10,800 సెకన్లకు పంచితే సెకనుకు సుమారు 3.5 మెగాబిట్లు వస్తాయి. ఈ సెకను వాటానే బిట్‌రేటు. డీవీడీలో వీడియోకు 9.8 మెగాబిట్ల వరకు వాడుకోవచ్చు కానీ, ఇంత నిడివికి ఆ అవకాశం లేదు. శబ్దాన్ని కుదించకుండా పీసీఎంగా ఉంచితే అదొక్కటే 1.5 మెగాబిట్లు తీసుకుంటుంది. నాదస్వరమంటే నాకు ఎంత ఇష్టమైనా, ఆ టేపులో మిగిలిన ధ్వనికి శబ్దాన్ని కుదించే ఏసీ-3 పద్ధతిలో 192 కిలోబిట్లు చాలు. బొమ్మకు 3.2 మెగాబిట్లు దక్కాయి.

ఆ సగటుతో అసలు పరీక్ష తలంబ్రాల దగ్గరే ఎదురైంది. ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు మారని భాగాన్ని మళ్లీ రాయకుండా వదిలేయడం వల్లనే ఎంపెగ్-2 అంత చోటు ఆదా చేయగలుగుతుంది. గుప్పిళ్లతో పోసే బియ్యంలో ప్రతి గింజా తన దారిన తాను పడుతుంటే వదిలేయడానికి ఏమీ మిగలక, బొమ్మ చతురస్రాలుగా ముద్దకడుతుంది. హోమం పొగ దగ్గరా ఇంతే. అందుకే బిట్‌రేటును స్థిరంగా ఉంచకుండా రెండు పాసుల పద్ధతిని (మొదటిసారి వీడియోనంతా పరిశీలించి, రెండోసారి అవసరాన్ని బట్టి బిట్లు పంచడం) ఎంచుకుని, గరిష్ఠాన్ని 8 మెగాబిట్ల దగ్గర ఆపాను. పందిట్లో బంధువులు కదలకుండా కూర్చున్న దృశ్యాలలో మిగిలే బిట్లు తలంబ్రాలకు చేరతాయి.

అది కూడా చాలలేదు. అప్పుడు రిజల్యూషన్‌ను 720×576 నుంచి 352×576కు తగ్గించాను. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా నిలిచే వివరం సుమారు 240 గీతలే కనుక, లేని వివరానికి బిట్లు ఖర్చు చేయడం వృథా అని నా అభిప్రాయం. నిలువున 576 వరుసలను మాత్రం తగ్గించలేదు. వాటిని సగం చేస్తే ఒక ఫీల్డు (ఫ్రేములో వరుస విడిచి వరుసతో ఏర్పడే సగం బొమ్మ) పూర్తిగా పోయి, కదలికలోని నునుపు దెబ్బతింటుంది. అత్తయ్యది ఫీల్డులను ఒకదాని తర్వాత ఒకటి చూపే ట్యూబు టీవీ కాబట్టి, వాటిని ఒకే బొమ్మగా కలిపే డీఇంటర్లేసింగ్ అవసరమే లేదు. డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది. కుదించే సాఫ్ట్‌వేరైన ఎన్‌కోడరుకు ఆ సంగతి సరిగ్గా చెప్పకపోతే నడిచే మనుషులు ముందుకూ వెనక్కూ వణుకుతారు.

బొమ్మ మీద చుక్కల్లా కదిలే టేపు గరగరను తొలగించే ఫిల్టరు విషయంలో చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. ఆ గరగర కూడా బిట్లు తింటుంది, నిజమే. కానీ ఫిల్టరును గట్టిగా వాడితే గరగరతో పాటు గాలిలోని బియ్యపు గింజలు కూడా మాయమవుతున్నాయి. అత్తయ్య చూడాలనుకునేది వాటినే కదా. కాబట్టి దాన్ని బాగా తగ్గించి, తలంబ్రాల భాగాన్ని మాత్రం చెరిపి మళ్లీ రాయగల ఒక ఆర్‌డబ్ల్యూ డిస్కులో రాసి ట్యూబు టీవీలో చూశాను: గింజలు విడివిడిగా కనిపించాయి, పట్టుచీర అంచు కాస్త మెత్తబడింది. దానికి నేను ఒప్పుకున్నాను. మొత్తం నిడివికి ఇవే అమరికలు పెట్టి మొదటి పాసు మొదలుపెట్టాను. డీవీ ఫైలును మాత్రం చెరపకుండా మరో హార్డ్ డిస్కులోకి కాపీ చేస్తున్నాను.