తీగ పాతదే, పెట్టె మారాలి

పర్లాకిమిడి, గుణుపురం వైపు నెట్ నెమ్మదిస్తే చాలామంది ముందు ఫైబర్‌నే తిడతారు. పాపం, దాని తప్పేం లేదు. జీపాన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పాత పద్ధతి) పోర్టు ఒకటి ఇళ్ల వైపు దింపేది సుమారు 2.5 గిగాబిట్లు. 1:32 స్ప్లిట్టర్ (ఒక తీగ కాంతిని 32 ఇళ్లకి చీల్చే పరికరం) మీద అందరికీ 300 మెగాబిట్ల ప్లాన్ అమ్మితే, అందరూ ఒకేసారి లాగినప్పుడు ఇంటికొచ్చేది 78 మెగాబిట్లే.

ఎక్స్‌జీఎస్-పాన్ దాని తర్వాతి తరం: 10 గిగాబిట్లు, రెండు వైపులా. జీపాన్ 1490, 1310 నానోమీటర్ల కాంతి తరంగాలు వాడితే ఇది 1577, 1270 వాడుతుంది కాబట్టి రెండూ ఒకే తీగలో నడుస్తాయి. ఓఎల్‌టీ (ఆపరేటర్ దగ్గరి పెట్టె) దగ్గర రెండిటినీ కలిపే ఫిల్టర్ పెట్టి, గట్టిగా వాడే ఇళ్లలోనే ఓఎన్‌టీ (ఇంట్లోని పెట్టె) మార్చుకుంటూ పోవచ్చు.

ముందు దారిలో కాంతి ఎంత తగ్గుతుందో డీబీల్లో (డెసిబెల్స్) లెక్కేసుకోండి: స్ప్లిట్టర్‌కి 17 డీబీ, 6 కిలోమీటర్ల తీగకి 2, ఫిల్టర్‌కి 1, కనెక్టర్లు, అతుకులకి మరో 2. మొత్తం 22. బీ ప్లస్ రకం ఆప్టిక్స్ (కాంతి పంపే, అందుకునే భాగం) 28 డీబీ నష్టం దాకా మోస్తుంది, బాగానే ఉంది.

అసలు తంటా వంపుల దగ్గరే. గుమ్మం మూల బిగించి తిప్పిన తీగ 1490లో ఊరుకున్నా 1577లో కాంతి ఎక్కువ కారుస్తుంది. కాంతి కొలిచే మీటరు రెండు తరంగాల్లోనూ పెట్టి చూడాలి. మొన ఏటవాలుగా ఉండే ఆకుపచ్చ కనెక్టర్ని మొన తిన్నగా ఉండే నీలం దానిలో గుచ్చడం ఇంకో జబ్బు. జాయింట్ డబ్బా మూత సరిగ్గా బిగించకపోతే వానాకాలం నీళ్లు చేరతాయి.

అన్నట్టు, ఊళ్లోకొచ్చే లింకే 10 గిగాబిట్లయితే ఇదంతా దండగ. ముందు అది పెంచండి.