ఆ రోజు నేను తాగలేదు

2022 ఫిబ్రవరి. మాఘమాసం పెళ్లిళ్ల రోజులు, టైలర్లకు తీరిక ఉండదు. మగ్గం వర్కు చేయించిన ఆరు పట్టు జాకెట్లు కవర్లో పెట్టుకొని, రాత్రి తొమ్మిదిన్నరప్పుడు కర్నూలు నుంచి వెల్దుర్తికి మోపెడ్ మీద వస్తున్నా. ఊళ్లోకి మళ్లేచోట వెనక నుంచి కారు కొట్టింది. ఎగిరి పడింది గుర్తులేదు. కారు దిగిన పిల్లోడు నా మీదికి వంగి "ఏం కాలేదన్నా, ఏం కాలేదు" అనడం, ఆ మందు వాసన మాత్రం గుర్తున్నాయి.

మోకాలి కింద ఎముక బయటికొచ్చింది. మొదట కాలికి బయట ఫ్రేం, పుండు మానినాక లోపల రాడ్డు. కాలు దక్కించిన డాక్టర్లకు, 108 వాళ్లకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

నన్ను వదలనిది ఆ రాత్రి. పన్నెండు దాటింది. వివరాలు రాసుకోడానికి వచ్చినాయన కాగితం మీంచి తలెత్తకుండానే "నువ్వూ తాగినావా?" అన్నాడు. నోరెండిపోయి మాట రాలేదు, లేదని తలూపినా. ఆయన నా భార్య వైపు తిరిగి "ఏమ్మా, తాగినాడా?" అన్నాడు.

ఆమె వెంటనే చెప్పలేదు. వంగి, నా నోటి దగ్గర వాసన చూసి, అప్పుడు "లేదు సార్" అనింది.

కాలు నొప్పి కన్నా అదే ఎక్కువ నొప్పించింది. ఆమెను తప్పుపట్టలేను. ఆదివారాలు రెండు పెగ్గులేసి అదే మోపెడ్ మీద, అదే రోడ్డున ఎన్నిసార్లు ఇంటికొచ్చానో ఆమెకు తెలుసు.

ఆ పిల్లోడి రక్తం తీసింది మరుసటి రోజు పొద్దున. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. కానీ ఒంట్లో మందు గంటగంటకూ దిగిపోతుంది, పొద్దునకు ఏం మిగులుతుంది? అరెస్టు చేసిన రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలని చట్టంలోనే ఉందని లాయరు చెప్పేదాకా నాకు తెలీదు. మీ వాళ్లకు ఇలాంటిది జరిగితే ఆ రాత్రే గట్టిగా అడగండి.

మూడో రోజు వాళ్ల నాయన బత్తాయిలు తెచ్చాడు. "ఒక్క బీరేనంటన్నా. చదువుకున్న పిల్లోడు, కేసైతే జీవితం పోతుంది" అన్నాడు. నా భార్య ఆ బత్తాయిలు పక్క మంచం ముసలాయనకు ఇచ్చేసింది.

తాగి నడిపి దొరికితే మొదటిసారి 10,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మరి మా ఇంట్లో పడిన జరిమానా? ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో అయిపోయాయి, అదీ మీ అందరి డబ్బే కదా. తొమ్మిది నెలలు అంగడి మూత. గొలుసు బ్యాంకులో పెట్టాం, వడ్డీ ఇంకా కడుతున్నాం. ఇంటర్ రెండో ఏడాది చదివే కూతురు ట్యూషన్ మానేసి ఇంట్లో హుక్కులు కుట్టింది. ఆ ఆరు జాకెట్లు నెత్తుట్లో తడిసిపోయాయి. ఐదుగురు ఏమీ అనలేదు. ఒకావిడ పట్టుకూ, మగ్గానికీ డబ్బు అడిగింది, ఇచ్చాం. ఆదివారమే కూతురి పెళ్లి, పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది!

ఆ ఏడాది దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. రెండో అంకెలో నేనొకణ్ణి. హుక్కులు కుట్టిన నా కూతురు ఏ అంకెలోనూ లేదు.

తాగి గుద్దితే ఇన్సూరెన్స్ రాదని కొందరు భయపెట్టారు. అది తాగినోడి సొంత కారు రిపేరుకు. దెబ్బతిన్నవాళ్లకు కంపెనీ ముందు కట్టి, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్తుంటాయి. భయపడి రాజీకి పోకండి. నా కేసు ఇంకా నడుస్తోంది.

మిషన్ తొక్కలేక మోటారు పెట్టించుకున్నా. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకొని మందు మానేశా. ఆయన కాపాడాడనే నా నమ్మకం.

ఇప్పటికీ రాత్రి ఆలస్యమైతే నా భార్య తలుపు తీసి, దారివ్వకుండా నాకు దగ్గరగా ఒక్క క్షణం నిలబడుతుంది. నేనూ నోరు తెరిచి ఊపిరి వదులుతా. అప్పుడు పక్కకు జరిగి, "కాళ్లు కడుక్కో, అన్నం పెడతా" అంటుంది.