మధ్యాహ్నం పన్నెండింటికే పోయే డేటా

నాది ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ పని. పోయిన మే నెలలో చిమ్నీ మీద, పొగలో దుమ్మెంతుందో కొలిచే కొత్త డస్ట్ సెన్సర్ మాడ్యూల్ పెట్టారు. దానికి కేబుళ్లు లాగే పని నా మీద పడింది. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల పరిశ్రమలకు చిమ్నీ లెక్కలు ఆన్‌లైన్‌లో పంపాలని చెప్పింది, అందులో సిమెంటు కూడా ఉంది. అందుకే డేటా కాసేపు ఆగినా మా మేనేజర్ ఫోన్ మోగుతుంది, ఆ వెంటనే నాది.

లాగాల్సింది రెండే కేబుళ్లు. 24 వోల్టుల డీసీ పవర్‌కు ఒకటి, సెన్సర్ లెక్కలు కిందికి పంపే ఆర్ఎస్-485 అనే డేటా లైనుకు, చుట్టూ లోహపు పొర (షీల్డు) ఉన్న మెలిపెట్టిన జత తీగల (ట్విస్టెడ్ పెయిర్) కేబుల్ ఒకటి. పానెల్ నుంచి పైదాకా 100 మీటర్లు. మోటార్ల 415 వోల్టుల కేబుళ్లతో కలవకుండా వేరే ట్రేలో వేశాను. పవర్‌కు స్టోర్‌లో 0.5 స్క్వేర్ ఎంఎం కేబులే దొరికింది. ఇంత చిన్న డబ్బా ఎంత కరెంటు తాగుతుందిలే అని అదే లాగేశాను.

ఆన్ చేస్తే అసలు డేటానే రాలేదు. డేటా జతలోని ఏ, బి వైర్లు అటూ ఇటూ మార్చాక వచ్చింది. ఒక కంపెనీ ఏ అని రాసినదాన్ని ఇంకో కంపెనీ బి అంటుంది, ఇది మామూలే. మరుసటి రోజు మధ్యాహ్నం రెండు నిమిషాలు డేటా పోయి, దానంతటదే వచ్చింది. ఆ మరుసటి రోజూ అంతే.

ఇక డేటా కేబుల్ వెంట పడ్డాను. పవర్ ఆపి జతకు అడ్డంగా మీటర్ పెడితే 120 ఓములు చూపింది. సిగ్నల్ చివర తగిలి వెనక్కి రాకుండా రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లు పెట్టాలి, రెండూ ఉంటే 60 రావాలి. పానెల్ వైపుది పెట్టడం మర్చిపోయాను. షీల్డు చూస్తే, ఒక చివరే కావాల్సిన ఎర్త్ రెండు చివర్లా అయి ఉంది. పైవైపు షీల్డును ఎర్త్‌కు కలిపే డ్రెయిన్ వైరు విప్పి స్లీవ్ తొడిగాను. రెండూ నా తప్పులే, రెండూ సరిచేశాను. మూడో రోజు పన్నెండింటికి మళ్లీ పోయింది.

మా సీనియర్ ఎలక్ట్రీషియన్ అన్న విని, "డేటా సంగతి పక్కన పెట్టు అబ్బీ, పైన వోల్టేజి ఎంతొస్తాందో చూస్తివా?" అన్నాడు.

"చూసినా అన్నా, 23.2 ఉంది."

"అది పని చేస్తా ఉంటే చూసినావా, ఊరికే ఉన్నప్పుడా?"

నా దగ్గర జవాబు లేదు. మాడ్యూల్‌లో షట్టర్ మోటారు ఒకటుంది. పన్నెండు గంటలకోసారి, మిట్టమధ్యాహ్నమూ అర్ధరాత్రీ, అది తిరిగి సెన్సర్ తనను తాను సరిచూసుకుంటుంది. అప్పుడు అర ఆంపియర్ దాకా లాగుతుంది. మర్నాడు బెల్టు కట్టుకుని పదకొండున్నరకే పైకెక్కాను. కడప ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది, గ్లౌజు లేకుండా రెయిలింగ్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ప్రోబులు టర్మినళ్ల మీద అదిమి పట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా పన్నెండుకు లోపల గుర్‌మని చప్పుడు. 23.2 కాస్తా 19.8కి పడింది, డబ్బా లైటు ఆరిపోయింది. మాన్యువల్‌లో కనీసం 20 ఉండాలని ఉంది.

కిందికొచ్చి లెక్కేశాను. పోనూ రానూ 200 మీటర్ల సన్న రాగి తీగ, సుమారు ఏడున్నర ఓములు. అర ఆంపియర్‌కు మూడుముప్పావు వోల్టులు దారిలోనే పోతాయి. రాత్రి ఎలాగో 20 దాటి గట్టెక్కేది. ఎండకు కాగిన ట్రేలో రాగి రెసిస్టెన్స్ పది శాతం పైగా పెరిగేసరికి మిగిలిన ఆ కాస్తా పోయేది.

1.5 స్క్వేర్ ఎంఎం కేబుల్ తెప్పించి మళ్లీ లాగాను. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం షట్టర్ తిరుగుతుంటే 22.6 చూపిస్తోంది. పాత కేబుల్ ఇంకా ట్రేలోనే ఉంది. దాన్ని పీకాలంటే ఎత్తులో పనికి మళ్లీ పర్మిట్ రాయించుకోవాలి, ఎండలు తగ్గేదాకా నేనైతే ఆ మాట ఎత్తను.